నిర్గంధ జలపుష్పాలు

మాది జలపుష్పాభివృద్ధి శాఖ. జలపుష్పాలంటే చేపలే. ఉట్టినే చేపలు అంటే ఫైళ్లకు నీచు అంటుతుందని శాఖ పుట్టిన కాలంలో ఎవరో పెద్దలు ఆలోచించి ఆ పేరు పెట్టారు. నేను ఆ శాఖ జిల్లా కార్యాలయంలో సూపరింటెండెంటుని. పేరు పరమేశం. ఇప్పుడు రాష్ట్రమంతా చెప్పుకుంటున్న నిర్గంధ విధానం మా కార్యాలయంలోనే పుట్టింది. పుట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. దాని గురించి నలుగురూ నాలుగు రకాలుగా చెప్పుకోవడం కంటే, జరిగింది జరిగినట్టు నేనే చెప్పడం మంచిదని ఇది రాస్తున్నాను.

చిన్మయరావుగారు మాకు జిల్లా డైరెక్టరుగా రాకముందు ప్రభుత్వ అతిథి గృహాల సంస్థలో ఉండేవారు. అక్కడ దిండు గలీబులకు కూడా గులాబీ అత్తరు చల్లించేవారట. అటువంటి మనిషిని బదిలీ మీద మా దగ్గరికి పంపారు. రైల్వేస్టేషనుకు మేం శాఖ కారు పంపాం. ఆ కారు ఆఫీసు గేట్లోకి వచ్చేసరికి ఆయన తల కిటికీ బయట ఉంది.

కారు దిగి, కాసేపు గోడ పట్టుకుని నిలబడి, డ్రైవరు కొండబాబును అడిగారు.

"ఇదేం వాసనయ్యా?"

"చేపలండి."

"కారులో చేపలెందుకున్నాయి?"

"ఇప్పుడు లేవండి. నిన్నున్నాయండి."

కొండబాబు అబద్ధం చెప్పలేదు. ఏ రైతు చెరువులోనైనా చేపలకు జబ్బు చేస్తే, మా క్షేత్రాధికారి స్వరాజ్యలక్ష్మి వెళ్లి, బతికున్న చేపను నీళ్ల బకెట్లో వేసుకుని ప్రయోగశాలకు పట్టుకెళ్లేది. మా చేలగట్ల రోడ్ల మీద బకెట్టు నిండా నీళ్లు పోసుకుంటే సగమే మిగులుతాయి. మిగతా సగం కారు అడుగున పరిచిన కార్పెట్టు తాగుతుంది. ఏళ్ల తరబడి తాగింది. మాకు అలవాటైపోయి, అదే కారు వాసన అనుకునేవాళ్లం.

ఆ మధ్యాహ్నమే డైరెక్టరుగారు సమావేశం పెట్టారు.

"ఒక శాఖ ప్రతిష్ఠ దాని వాహనం తలుపు తీసినప్పుడు తెలుస్తుంది," అన్నారు. "ఈ రోజు మన శాఖ ప్రతిష్ఠ నాకు తెలిసింది. దుర్గంధ నివారణ నిమిత్తం సభ్యులు తమ తమ అమూల్యమైన సూచనలు తెలియజేయవలసింది."

స్వరాజ్యలక్ష్మి లేచింది. ముప్పై అయిదేళ్లుంటాయి, గట్టు మీద నడిచీ నడిచీ ఎండకు కాగిన మనిషి. "కార్పెట్టు ఊడదీసి, సబ్బు నీళ్లతో కడిగి, రెండెండలు ఎండబెడితే చాలా వరకు పోతుంది సార్. బకెట్లకు మూతలు కొనిస్తే మళ్లీ రాదు," అంది.

డైరెక్టరుగారు ఆమెను జాలిగా చూశారు. "మూత అనేది తాత్కాలిక ఉపశమనం అమ్మా. మనకు కావలసింది విధానం," అన్నారు.

విధానం మర్నాడు జోగేంద్ర అనే కాంట్రాక్టరు రూపంలో వచ్చింది. కార్ల లోపల పొగ పెట్టి వాసనలు తీసేసే వ్యాపారం అతనిది. పెద్ద కాఫీ కూజాలాంటి యంత్రం ముందు సీట్లో పెట్టి, ఏసీ తిప్పి, అద్దాలన్నీ బిగించి మీట నొక్కాడు. తెల్లటి పొగ బుసబుసమంటూ లేచింది. మొదట స్టీరింగు మాయమైంది. తర్వాత సీట్లు మాయమయ్యాయి. చివరికి పాలు పోసిన గాజు పెట్టెలా అయింది కారు. ఆఫీసంతా వరండాలోకి వచ్చి చేతులు కట్టుకుని చూసింది. డైరెక్టరుగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. సగం ఆనందానికి, సగం పొగకు.

"లోపల క్రిమి అన్నది మిగలదండి," అన్నాడు జోగేంద్ర. "వాసనకి తల్లి క్రిమేనండి. తల్లిని తీసేత్తే పిల్ల ఎక్కణ్ణించొత్తదండి? కాకపోతే ముందు ఆ కార్పెట్టు ఓసారి కడిగిత్తే..."

"అది తర్వాత చూద్దాం," అన్నారు డైరెక్టరుగారు.

అరగంట మూసి ఉంచి, తలుపులు తీసి, గాలి ఆడనిచ్చాక ఆయన లోపలికి తల పెట్టి గుండెల నిండా పీల్చారు. ఆయన వెనక నేనూ పీల్చాను. పైన నిమ్మకాయ వాసన. దాని కింద ఆసుపత్రి వాసన. దాని కింద చేప అలాగే ఉంది. కాకపోతే ఆపరేషను చేయించుకుని ఇంటికొచ్చిన చేపలా ఉంది.

"దివ్యంగా ఉంది!" అన్నారాయన.

నా ముక్కు కూడా ఆయన అభిప్రాయంతోనే ఏకీభవించింది.

వారం తిరిగేసరికి నిమ్మకాయ వెళ్లిపోయింది, చేప మిగిలింది. దానితో వారానికోసారి పొగ పెట్టాలని ఉత్తర్వు ఇచ్చాం. వారం ఎక్కువనిపించి, రోజూ అన్నాం. రోజూ కూడా చాలక, బయటికి వెళ్లి వచ్చిన ప్రతిసారీ అన్నాం. ఒకసారి పొగ పెడితే వాహనం పూటంతా తలుపులు తెరుచుకుని షెడ్డులో పడుకోవాలి. అందుకని వాహనాలు బయటికి వెళ్లడం తగ్గింది. వెళ్లడం తగ్గాక వాసన కూడా తగ్గింది. విధానం ఫలిస్తోందని డైరెక్టరుగారు పై ఆఫీసుకు రాశారు.

తర్వాత ఆయన మరింత లోతుగా ఆలోచించారు. ఆ ఆలోచన నేనే చక్కటి భాషలో పెట్టాను: "శాఖా వాహనములందు జలపుష్పములను గాని, జలపుష్పములను తాకిన వస్తువులను గాని, చెరువు గట్టుపై కాలిడిన వ్యక్తులను గాని, హోదాతో నిమిత్తము లేకుండా, స్నానము చేసి దుస్తులు మార్చుకొననిదే ఎక్కించుకొనరాదు. అతిక్రమించిన డ్రైవర్లపై శాఖాపరమైన చర్య గైకొనబడును."

మొదట మనుషులకు కూడా పొగే పెడదామన్నారు డైరెక్టరుగారు. జోగేంద్ర రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. "మనుసులకి వద్దండి బాబూ, ఊపిరాడదండి," అన్నాడు. అందుకని స్నానం దగ్గర ఆగాం.

చెరువుల దగ్గర స్నానాల గదులు లేవు గనుక, అప్పట్నుంచి మా వాళ్లు వాహనం దిగకుండానే చెరువులు తనిఖీ చేసేవారు. రోడ్డు మీద ఆపి, అద్దంలోంచి చూసి, "నీరు కనబడినది" అని రాసేవారు. స్వరాజ్యలక్ష్మి మాత్రం దిగేది. దిగాక ఎక్కడానికి వీల్లేక ఆటోలో తిరిగొచ్చేది. ఒకసారి జోరున వాన పడుతోందని కొండబాబు ఆమెను జీపులో ఎక్కించుకున్నాడు. అతనికి మెమో ఇచ్చాం. అది కూడా నేనే రాశాను.

సైదు నాగమునెయ్య అనే రైతు మా గేటు దగ్గరికి వచ్చింది ఆ రోజుల్లోనే. చినగరువులంకలో ఒక చెరువు కౌలుకు తీసుకుని శీలావతి, బొచ్చె చేపలు పెంచుతున్నాడు. బస్సు పైన బకెట్టు పెట్టుకుని, గోనె తడిపి కప్పి, ఒక చేపను పట్టుకొచ్చాడు. మా వాచ్‌మన్ బకెట్టును ఆపేశాడు. గొడవేమిటో చూద్దామని నేను వెళ్లాను.

"సేపల ఆపీసుకి సేపని తేకూడదంటాడేంటండీ?" అన్నాడు నాగమునెయ్య.

"ఇది చేపల ఆఫీసు కాదు. జలపుష్పాల ఆఫీసు," అన్నాను.

అతను బోర్డు వైపు, బకెట్టు వైపు మార్చి మార్చి చూశాడు. "మరి ఇదేంటండీ?" అన్నాడు.

దానికి నేను సమాధానం ఆలోచించేలోగా స్వరాజ్యలక్ష్మి వచ్చింది. గేటు బయటే గొంతుక్కూర్చుని చేపను చేతిలోకి తీసుకుంది. పొట్ట కింద ఎర్రటి మచ్చలు పుండ్లుగా మారి ఉన్నాయి. మొప్ప ఎత్తి చూసి పెదవి కొరుక్కుంది.

"ఎన్ని తేలాయి?"

"లెక్కెట్టడం మానేసానమ్మా. పొద్దున్నే గట్టుమీదికెళ్లాలంటే బయ్యమేత్తంది. తెల్లగా తేలి ఉంటాయి. మాయావిడైతే సూళ్లేక రావడమే మానేసింది."

"ఎర్రమచ్చల జబ్బే. ఏ మందు పనిచేస్తుందో ల్యాబు వాళ్లు చెప్పాలి. అడ్డమైన మందూ వేస్తే మిగిలినవీ పోతాయి. బతికున్న చేప, చెరువు నీళ్లు ఈ పూటే వాళ్లకి అందాలి," అని, ఆమె చేయి తుడుచుకుంటూ డైరెక్టరుగారి గదికి వెళ్లింది. తలుపు దగ్గరే నిలబడి జీపు అడిగింది.

డైరెక్టరుగారు కఠినుడు కారు. రైతు బాధ విని, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "రైతు సంక్షేమమే మన పరమావధి. జీపు పంపిద్దాం," అన్నారు. "అయితే నమూనాను మాత్రం శుద్ధి చేసి పంపాలి."

"శుద్ధి అంటే సార్?"

"బకెట్టు జీపులో పెట్టి, జీపుకు పొగ పెట్టించండి. జీపూ శుద్ధి అవుతుంది, చేపా శుద్ధి అవుతుంది. ఒకే ఖర్చు."

"సార్, ఆ పొగకి క్రిములు చచ్చిపోతాయి!"

"చావాలనే కదమ్మా పెట్టేది?"

"చస్తే ల్యాబులో ఏం చూస్తారు సార్? జబ్బు ఏమిటో తెలియాలంటే ఆ క్రిమి బతికుండాలి."

డైరెక్టరుగారు నా వైపు తిరిగారు. "పరమేశంగారూ, క్రిములను సజీవంగా ప్రభుత్వ వాహనంలో ప్రయాణం చేయించడానికి నిబంధనల్లో వీలుందా?"

"లేదు సార్," అన్నాను. నిజంగానే లేదు.

పొగ పెట్టిన చేపను కొండబాబు ప్రయోగశాలకు తీసుకెళ్లాడు. వాళ్ల నివేదిక వచ్చింది. "నమూనాలో ఏ రకమైన సూక్ష్మజీవీ కనబడలేదు. ఇంత పరిశుభ్రమైన చేపను ఈ ప్రయోగశాల ఇదివరలో చూసి ఎరుగదు. చేప మరణించి ఉన్నది. నిమ్మకాయ వాసన వేయుచున్నది."

డైరెక్టరుగారు దాన్ని సిబ్బంది ముందు రెండుసార్లు చదివించారు. జిల్లాలో ఆ నెలంతా వచ్చిన నమూనాలన్నిటికీ పొగ పెట్టి పంపాం. ఒక్కదానిలోనూ జబ్బు లేదు. మా జిల్లాలో జలపుష్పాలకు వ్యాధులు పూర్తిగా నిర్మూలించబడ్డాయని పై ఆఫీసుకు రాశాం. వాళ్లు అభినందిస్తూ జవాబిచ్చారు. వ్యాధులు లేని జిల్లాకు మందులెందుకని, మా గోదాములో ఉన్న మందులు వెనక్కి పంపించమన్నారు. పంపించాం.

నాగమునెయ్య మళ్లీ వచ్చాడు. ఈసారి చేప తేలేదు. గడ్డం మాసి, చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఒకటి పెట్టుకుని ఉన్నాడు. అతని చెరువుకు జబ్బు లేదన్న ధ్రువపత్రం నేను నా చేతులతో ఇచ్చాను.

"కాయితం మీద బానే ఉందండి. సెరువులో సచ్చిపోతన్నాయండి," అన్నాడు.

"ఏ జబ్బుతో?"

"అదే తవర్ని అడగడానికొచ్చానండి."

"మా రికార్డు ప్రకారం జబ్బు లేకుండా చస్తున్నాయి. అది మా పరిధిలోకి రాదు," అన్నాను.

అతను కాంపౌండు గోడ నీడలో కూర్చుని, ఆ కాగితాన్ని మోకాళ్ల మీద పెట్టుకుని, అరచేత్తో సాఫు చేస్తూ ఉండిపోయాడు. మధ్యాహ్నం భోజనానికి వెళ్లి వచ్చినప్పుడు కూడా అలాగే ఉన్నాడు. అంతలో స్వరాజ్యలక్ష్మి స్కూటరు స్టాండు తీసి అతని ముందు ఆపింది.

"ఎక్కు నాగమునెయ్యా."

"ఎక్కడికమ్మా?"

"మీ చెరువుకి. అక్కణ్ణించి ల్యాబుకి."

"తవరి జీపు..."

"జీపు షెడ్డులో ఆరుతోంది. నువ్వు ఎక్కు."

ఆమె ఆ రోజు సెలవు చీటీ కూడా ఇవ్వకుండా వెళ్లిపోయింది. సొంత డబ్బుతో మూత ఉన్న బకెట్టు కొని, చేపను అందులో వేసి, కాళ్ల మధ్య ఇరికించుకుంది. వెనక నాగమునెయ్య చెరువు నీళ్ల సీసాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ప్రయోగశాలలో గుమస్తా, పొగ పెట్టినట్టు ధ్రువపత్రం లేని నమూనా తీసుకోనన్నాడట. ఆమె బకెట్టు మూత తీసి అతని బల్ల మీదే పెట్టిందట. చేప ఒక్కసారి తోక కొట్టేసరికి లోపలున్న డాక్టరు పరుగెత్తుకొచ్చి, "అబ్బ! ఎన్నాళ్లకి బతికున్న చేపని చూశానమ్మా!" అన్నాడట. నిమ్మకాయ వాసన లేని నమూనా ఆయన చూసి నెల దాటింది.

మందు పేరు తెలిసింది. అది మా గోదాములో ఉండేదే. వెనక్కి పంపేశాం గనుక పట్నంలో కొని చెరువులో కలిపారు. సగం చేపలు అప్పటికే పోయాయి. సగం నిలబడ్డాయి. నాగమునెయ్య భార్య మళ్లీ గట్టు మీదికి రావడం మొదలుపెట్టింది.

మర్నాడు స్వరాజ్యలక్ష్మి ఆఫీసులో అడుగుపెట్టగానే డైరెక్టరుగారి ముక్కుపుటాలు అదిరాయి. ఆమెకు నేను తయారుచేసిన మెమోలో నేరం ఇది: "నీచు వాసనతో విధులకు హాజరగుట." సంజాయిషీ ఆమె నిలబడే రాసిచ్చింది. అందులో ఒక్కటే వాక్యం ఉంది. "నేను చేపల శాఖలో పనిచేస్తున్నాను."

డైరెక్టరుగారు దాన్ని నాకు చూపించి బాధపడ్డారు. "చూశారా పరమేశంగారూ, శాఖ పేరు కూడా సరిగా రాయలేదు."

ఆమె బల్లను సైకిల్ స్టాండు పక్కన రేకుల కిందికి మార్పించాం. రైతులు అటునుంచి అటే ఆమె దగ్గరికి పోవడం మొదలుపెట్టారు. కార్యాలయం లోపల మరింత నిర్మలంగా ఉండేది. ఒక్కరూ వచ్చేవారు కాదు.

మా కీర్తి శాఖ కమిషనరుగారి దాకా వెళ్లింది. ఆయన స్వయంగా వచ్చి చూస్తానన్నారు. మేం గోడలకు సున్నం వేయించి, కారుకు ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పొగ పెట్టించాం. కమిషనరుగారు భారీ మనిషి, తెల్లటి బూట్లు వేసుకున్నారు. కారు ఎక్కి కూర్చుని, కళ్లు మూసుకుని పీల్చి, "ఇది జలపుష్పాల శాఖ అంటే ఎవరైనా నమ్ముతారా?" అన్నారు.

"ఎవరూ నమ్మరు సార్," అన్నారు డైరెక్టరుగారు గర్వంగా.

వ్యాధి లేని చెరువుగా ధ్రువపత్రం ఇచ్చిన వాటిలో రోడ్డుకు దగ్గరగా ఉన్నది నాగమునెయ్యదే. అక్కడికి తీసుకెళ్లాం. కారులో వెనక కమిషనరుగారు, డైరెక్టరుగారు. ముందు కొండబాబు పక్కన నేను. అద్దంలోంచి చెరువు చూసి వచ్చేయాలన్నది మా ఏర్పాటు. కానీ ఆ రోజు చెరువులో చేపల పట్టుబడి జరుగుతోంది. వల లాగుతుంటే మిగిలిన శీలావతులు ఎండలో ఎగిరెగిరి పడుతున్నాయి. ఆ పక్కనే చేపల ట్రేలు వేసుకెళ్లే ఆటో ఉంది, దాని దగ్గర స్వరాజ్యలక్ష్మి నిలబడి ఉంది. అది చూసి కమిషనరుగారికి ఉత్సాహం పుట్టింది. వల పట్టుకుని ఫోటో దిగుతానన్నారు. డైరెక్టరుగారు "సార్, గట్టు..." అనేలోపలే దిగిపోయారు. ఆయన దిగాక డైరెక్టరుగారు దిగక తప్పలేదు. నేను దిగలేదు. ఎవరో ఒకరు నిబంధన పాటించాలి గదా.

తెల్లటి బూటు తడిగట్టు మీద జారింది. కమిషనరుగారు నడుము దాకా బురదలోకి వెళ్లారు. ఆయన్ను పట్టుకోబోయి డైరెక్టరుగారు ఛాతీ దాకా వెళ్లారు. నాగమునెయ్య ఒక పక్క, స్వరాజ్యలక్ష్మి ఒక పక్క పట్టుకుని ఇద్దర్నీ పైకి లాగారు. కమిషనరుగారి కోటు జేబులో చిన్న చేపపిల్ల ఒకటి గిలగిల్లాడుతుంటే నాగమునెయ్య చెయ్యి పెట్టి తీసి, జాగ్రత్తగా నీళ్లలో వదిలేశాడు.

కమిషనరుగారు కారు దగ్గరికి వచ్చి తలుపు లాగారు. రాలేదు. కొండబాబు లోపల్నించి తాళం వేసేశాడు. అద్దం కొద్దిగా దించి అన్నాడు.

"ఎక్కకూడదండి."

"ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా?"

"తెలుసండి. కమిషనరుగారండి. గట్టు మీద అడుగెట్టినోళ్లని తానం చెయ్యందే ఎక్కించుకోకూడదని ఆర్డరండి. హోదాతో నిమిత్తం లేదని రాసారండి. మొన్న వానలో మేడంగార్ని ఎక్కించుకున్నానని మెమో ఇచ్చారండి. ఇంకోటిత్తే నా ఉజ్జోగం పోద్దండి."

అందరం డైరెక్టరుగారి వైపు చూశాం. బురద కారుతూ నిలబడి ఉన్నారాయన. తలుపు తీయమంటే విధానం పోతుంది. తీయొద్దంటే తను పోతారు. ఒక అధికారి జీవితంలో అంతటి ఘట్టం మళ్లీ రాదు. 

"సార్..." అన్నారు చివరికి, సన్నటి గొంతుతో. "ఉత్తర్వు... అమలులోనే ఉంది సార్."

 నాగమునెయ్యే ముందుకొచ్చి, "మా ఆటో ఉందండి. ట్రే బోర్లించి గోనె పరుత్తాను, రండి బాబూ," అన్నాడు.

అలా తిరిగొచ్చాం. ముందు చేపల ఆటోలో మంచుముక్కల మధ్య కమిషనరుగారు, డైరెక్టరుగారు ఒకరి మోకాలు ఒకరికి తగిలేలా కూర్చున్నారు. ఆటో వెనక స్కూటరు మీద స్వరాజ్యలక్ష్మి. ఆ వెనక నిమ్మకాయ వాసన వేసే ఏసీ కారులో నేనొక్కణ్ణే. ఊరి జనం ఆటోను వదిలేసి నాకు నమస్కారాలు పెట్టారు. నేను ప్రతినమస్కారం చేశాను.

డైరెక్టరుగారి పని అయిపోయిందని ఆఫీసంతా అనుకుంది. కమిషనరుగారు అతిథిగృహంలో చాలాసేపు స్నానం చేసి వచ్చి, కుర్చీలో కూర్చుని, అందర్నీ పిలిపించారు. డైరెక్టరుగారు తల వంచుకుని నిలబడ్డారు.

"నా సర్వీసులో నన్ను ఆపిన ఉత్తర్వు లేదు," అన్నారు కమిషనరుగారు. "గేట్లు ఆపలేదు, కోర్టులు ఆపలేదు. ఈ రోజు ఒక ఉత్తర్వు నన్ను ఆపింది. అమలు అంటే ఇది! ఈ విధానాన్ని యావత్ రాష్ట్రానికీ వర్తింపజేస్తున్నాను."

చప్పట్లు కొట్టాం. నేనే ముందు కొట్టాను.

"అయితే ఇందులో ఒక మౌలిక లోపం ఉంది," అని ఆయన వేలెత్తారు. "మీరు వాహనాలకు పొగ పెడుతున్నారు. మనుషుల్ని కడుగుతున్నారు. మూలం జోలికి వెళ్లలేదు. వాసనకు మూలం ఏది?"

 డైరెక్టరుగారే గొంతు సవరించుకున్నారు. "చేప సార్."

"కదా! చేప మన శాఖలో ఉన్నంతకాలం నిర్గంధం అసాధ్యం."

ఆ నెలాఖరుకే ఉత్తర్వు వచ్చింది. రాష్ట్రంలోని చేపలను, చెరువులను, వాటికి సంబంధించిన రైతులను మా శాఖ నుంచి తప్పించి, వ్యవసాయం వాళ్ల కింద నీటిపంటల విభాగం అని కొత్తగా ఒకటి తెరిచి దానికి అప్పగించారు. మా శాఖకు కార్యాలయాలు, వాహనాలు, సిబ్బంది, పొగ యంత్రాలు మిగిలాయి. కొత్త విభాగానికి వెళ్లడానికి ఎవరూ ముందుకు రాలేదు. మా జిల్లా నుంచి స్వరాజ్యలక్ష్మిని పంపాం. క్రమశిక్షణ చర్యగా చేపలతో పాటు ఆమెను కూడా బదిలీ చేయడమైనదని నేనే రాశాను. డైరెక్టరుగారికి పదోన్నతి వచ్చింది.

ఆమె సంతకాలు కొన్ని బాకీ ఉంటే, కాగితాలు తీసుకుని ఒక రోజు అక్కడికి వెళ్లాను. చినగరువులంక దారిలో, ఎవరో వదిలేసిన మేత గోదాములో పెట్టారు ఆమె ఆఫీసు. బోర్డు లేదు. వాహనం లేదు. ఫ్యాను తిరుగుతున్నా గాలి కిందికి రావడం లేదు. గుమ్మంలో బకెట్లు వరసగా ఉన్నాయి, ప్రతి బకెట్టు దగ్గరా ఒక రైతు. నేను జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని కారులోనే కూర్చుని కబురు పంపాను. ఆమె చేతులు కడుక్కుని వచ్చి, కిటికీలోంచి కాగితాలు తీసుకుని, కారు బానెట్టు మీద పెట్టి సంతకాలు చేసింది. చెంప మీద ఒక పొలుసు అంటుకుని మెరుస్తోంది. చెబుదామనుకుని మానేశాను.

"ఇబ్బందిగా ఉందా అమ్మా? జీపు కూడా ఇవ్వలేదట," అన్నాను. నాకు నిజంగానే జాలి వేసింది.

"జీపు లేదు గానండీ, చేప బతికుండగానే ల్యాబుకి వెళ్తోంది," అని ఆమె నవ్వి, బకెట్ల దగ్గరికి వెళ్లిపోయింది.

వరసలో ఉన్న నాగమునెయ్య నన్ను చూసి కారు దగ్గరికి వచ్చాడు. గడ్డం గీయించుకుని, శుభ్రంగా ఉన్నాడు. కొత్త పిల్లలు వేశానని చెప్పాడు. కారు లోపలికి వంగి, నన్నూ, సీట్లనూ, ఏసీనీ ఒకసారి పరికించి చూశాడు. చాలాసేపటి నుంచి మనసులో ఉన్నట్టుంది, మొహమాటపడుతూ అడిగాడు.

"ఒక్క మాటండి. సేపల్నేమో ఇక్కడికి పంపేసారు. సెరువులూ పంపేసారు. మమ్మల్నీ పంపేసారు. మరి అంత పెద్దాపీసులో, అంతమంది, తవరంతా రోజల్లా ఏం సేత్తారండీ?"

పాపం, చదువు లేని మనిషి. పరిపాలన అతనికి ఎలా తెలుస్తుంది?

"వాసన రాకుండా చూసుకుంటున్నాం," అన్నాను. కిటికీ అద్దం ఎత్తి, కొండబాబును పోనిమ్మన్నాను.